స్వరలిపి గ్రంథములకు ఉచిత అంతర్జాల గ్రంథాలయము: ఒక పరిశీలన

1904వ సంవత్సరమున దక్షిణ తమిళదేశమందలి ఎట్టయపుర సంస్థానములో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు, సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథము అచ్చయినది. గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు (1839–1906) ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, ఆయనకే దత్తపుత్రుడు. ఇంటిభాష తమిళము. పోషకులైన ఎట్టప్ప ప్రభువులు తెలుగుమూలము గల నాయకవంశీయులే గాని తరతరములుగా తమిళసీమలో పాతుకొనిపోయినవారు. చుట్టును తమిళజనమే. అయినను గ్రంథము యొక్క భాష తెలుగు, లిపి తెలుగు. నాటివారి కిది వింతగా తోచలేదు. తంజావూరు సీమలో పాటకుడు కాదలచినవాడు సరళీవరుసలతో పాటు తెలుగక్షరములను గూడ నేర్చుకొనెడివాడు. క్షేత్రయ్య పదములును, త్యాగరాజు కీర్తనములును, శ్యామశాస్త్రి కృతులలో పెక్కింటి సాహిత్యమును తెలుగే యగుటచే, ఆ విద్యకు లిపియు తెలుగే యయ్యెను.

ఎట్టయపురము దీనికి మొదలు కాదు. 1859లోనే చెన్నపట్టణమున వీణ రామానుజయ్యగారి సంగీత సర్వార్థ సార సంగ్రహము తెలుగక్షరములలో అచ్చుపడినది. తరువాత తచ్చూరు సింగరాచార్య సోదరులు గాయకపారిజాతము, గాయకలోచనము, గాయకసిద్ధాంజనము మొదలగు పుస్తకములను వరుసగా ప్రకటించి, గురుముఖమున మాత్రమే లభ్యమగు వర్ణములను, కృతులను స్వరములతో సహా అంగడికి దెచ్చిరి. కర్ణాటక సంగీతమునకు అచ్చులో నెక్కిన తొలితరము స్వరలిపి గ్రంథములలో గొప్పభాగము తెలుగుదేశమునకు వెలుపల, తెలుగులిపిలో, తమిళసీమయందు పుట్టినవి. ప్రవాసాంధ్రుల చరిత్రలో రాజులు, దండనాయకులు, వర్తకులు కనబడినంతగా ఈ పుస్తకములు కనబడకపోవుట విచారింపదగినది.

ఈ గ్రంథములు నేడెక్కడ నున్నవి? కొన్ని పాతయిండ్ల అటకలమీదను, కొన్ని గ్రంథాలయముల మూలలయందును కలవు. ఇటీవల కొన్ని అంతర్జాలమునకు ఎక్కినవి. ఇరువదియొకటవ శతాబ్దారంభమున హైదరాబాదు, బెంగుళూరు మొదలగు నగరములలోని విద్యాసంస్థలు చేరి భారత డిజిటల్ గ్రంథాలయమను పథకమున లక్షలకొలది పుస్తకములను స్కాను చేసినవి. 2017 నాటికి ఆ స్థానము అందుబాటునుండి తొలగినది గాని, దాని ప్రతులలో పెక్కు అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరియుండుటచే నష్టము కొంత తప్పినది. చేసిన మేలు గొప్పది. అయినను ఆ రాశిలో ఒక సంగీతపుస్తకమును వెదకబూనినవాని అవస్థ వర్ణనాతీతము. తెలుగు పేర్లను ఎవరికి తోచినట్లు వారు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిరి. పేరులోని ఒక అచ్చు దీర్ఘమైనదో హ్రస్వమైనదో ఊహించినగాని పుస్తకము చిక్కదు. చిక్కినదానికి ముఖపత్రము లేకుండవచ్చును. నడుమ రెండుపుటలు అంటుకొనిపోయి ఒకటే చిత్రింపబడియుండవచ్చును. నవలకు రెండుపుటలు పోయినను చదువరి కథను ఊహించుకొనగలడు. కీర్తనకు చరణపు స్వరము పోయినచో ఊహించి పాడుట సంప్రదాయము కాదు, కల్పనము. ఏ ముద్రణము, ఏ సంవత్సరము, ఎవరి పరిష్కారము అను వివరములు లేని పటములను రాశిబోసినంతమాత్రమున గ్రంథాలయము కానేరదు.

పాశ్చాత్యుల యుదాహరణము ఇచ్చట పనికివచ్చును. 2006 ఫిబ్రవరి 16వ తేదీన ఎడ్వర్డ్ గ్వో యను సంగీతవిద్యార్థి ఇంటర్నేషనల్ మ్యూజిక్ స్కోర్ లైబ్రరీ ప్రాజెక్టు అను పేర ఒక ఉచిత గ్రంథాలయమును అంతర్జాలమున స్థాపించెను. 1501లో వెనిసు నగరమున బహుగాత్ర సంగీతమును మొట్టమొదట అచ్చువేసిన ఒట్టావియానో పెట్రూచి పేరును దానికి జోడించిరి. సర్కారు ధనము లేదు, విశ్వవిద్యాలయపు అండ లేదు. తమయొద్ద నున్న పాతముద్రణములను స్కాను చేసి ఎవరికి వారు చేర్చుటయే దాని పద్ధతి. 1851 మొదలు 1899 వరకు జర్మనీలో బాఖ్ సంఘమువారు దాదాపు ఏబది యేండ్లు శ్రమించి ప్రకటించిన బాఖ్ సర్వస్వము వంటి గ్రంథములు అందులో చేరినవి. వేయి రూపాయలు పెట్టి ఒక స్కోరును కొనలేని విద్యార్థికి పెద్దల రచనలన్నియు ఇంటనే దొరకినవి.

2007 అక్టోబరులో వియన్నానగరపు ప్రకాశకసంస్థ యొకటి, ఐరోపా చట్టప్రకారము ఇంకను రక్షణలో నున్న రచనలు అందు గలవని తాఖీదు పంపెను. గ్రంథాలయము మూతపడెను. కారణము చట్టముల భేదము. నాడు కెనడాలో గ్రంథకర్త మరణించిన 50 ఏండ్లకు రచన సర్వజనస్వామ్యమగును. ఐరోపాలో 70 ఏండ్లకు గాని కాదు. 1945లో గతించిన బార్టోక్ సంగీతము ఒకచోట 1996 నుండియే అందఱి సొత్తు, మఱియొకచోట 2016 వరకు ప్రకాశకుని సొత్తు. అంతర్జాలమునకు సరిహద్దులు లేవు గాని చట్టములకు కలవు. ఎనిమిది నెలలకు పైగా గడచిన పిమ్మట, 2008 జూన్ 30వ తేదీన, ఆ గ్రంథాలయము తిరిగి తెఱువబడెను. ఆ నడిమికాలమున వారు నేర్చినది శ్లాఘనీయము. ప్రతి ముద్రణమునకు ప్రకాశకుడు, సంవత్సరము, పరిష్కర్త, అచ్చుపలక సంఖ్య, ఏయే దేశమున ఏ చట్టస్థితి యను వివరములను పరీక్షించి నమోదు చేయు కట్టుబాటును వారు దృఢపఱచిరి. నేడు లక్షలకొలది స్కోరులు అందు గలవు. సంఖ్యకన్న ఆ నమోదు పద్ధతియే దాని నిజమైన బలము.

అట్లని ఆ గ్రంథాలయపు చట్రమును తెచ్చి కర్ణాటక సంగీతమునకు తొడిగినచో సరిపోదు. పాశ్చాత్య సంప్రదాయమున స్కోరు వాగ్గేయకారుని ఆజ్ఞాపత్రము వంటిది. బాఖ్ వ్రాసినది వ్రాసినట్లు వాయింపవలెను. మన సంప్రదాయమున స్వరలిపి జ్ఞాపకపత్రము. త్యాగరాజు తన చేతితో స్వరపఱచి అచ్చున కిచ్చిన కృతి లేదు. శిష్యులు నేర్చిరి, వారి శిష్యులు వ్రాసికొనిరి. వాలాజాపేట వేంకటరమణ భాగవతుల పరంపరవారు తెలుగులిపిలో వ్రాసి దాచిన ప్రతులు మధుర సౌరాష్ట్ర సభయందు రక్షింపబడినవి. ఇట్టి ప్రతి ఆ కృతిని ఒక శిష్యుడు ఒక కాలమున ఎట్లు వినెనో చెప్పును. కావున మన గ్రంథాలయమునకు ముఖ్యప్రశ్న “ఇది యెవరి రచన?” అనుటతో ముగియదు; “ఇది యెవరి పాఠాంతరము?” అనునది దానికన్న బరువైనది.

ఆభేరి రాగములోని “నగుమోము” కీర్తన దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. పూర్వపు పద్ధతిలో ఆభేరికి శుద్ధధైవతము. సుబ్బరామ దీక్షితుల గ్రంథమునను అంతే. నేటి కచేరీలలో ఆ కీర్తన చతుశ్శ్రుతి ధైవతముతో వినబడును. వినువారి చెవికి ఇదియే ఆభేరి. ఏది సరి, ఏది తప్పు అను తగవు తీర్చుట గ్రంథాలయము పని కాదు. రెండు పాఠములను ఉంచి, ఏది ఏ పుస్తకమున ఏ సంవత్సరమున ఎవరివలన వచ్చినదో చెప్పుట దాని పని. నేడు అంతర్జాలమున తిరుగు స్వరపత్రములలో పెక్కింటికి ఈ మాత్రపు వంశచరిత్రయైనను లేదు. ఒకరు వ్రాసికొన్నది మఱియొకరు మార్చి, మూడవవారు పేరు తీసివేసి పంపిన కాగితములే అధికము. విద్యార్థి ఆ కాగితమును చూచి ఇదియే త్యాగరాజు పాఠమని నమ్మును.

సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఘనత ఈ వంశచరిత్రలోనే యున్నది. సుమారు 1700 పుటలలో 72 మేళముల క్రమమున ప్రతి రాగమునకు లక్షణము చెప్పి, వేంకటమఖి సంప్రదాయపు గీతతానములు, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229, తన సంచారులు మొదలగువానిని స్వరపఱచి యిచ్చెను. ఆ కీర్తనలు తన యింటి సొత్తు. ఎవరివలన వచ్చినవో సందేహము లేదు. ఇంతకును మించిన పని మఱియొకటి ఆయన చేసెను. స్వరముమీద గమకమును గుర్తులతో తెలిపెను. కంపితము, స్ఫురితము, ప్రత్యాఘాతము, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఒదుక్కల్, ఓరిక అని పేర్లు పెట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిహ్నమును కల్పించెను. ఈ పేర్లలో సంస్కృతము, తెలుగు, తమిళము కలగలసియుండుట గమనింపదగినది. వీణమీద వ్రేలిపని నెఱిగినవాడు వాడుకలోని మాటను ఏ భాషదైనను వదలలేదు. వట్టి స్వరములతో ‘స రి గ మ’ యని వ్రాసిన పుస్తకమునకును ఈ పుస్తకమునకును గల తారతమ్యము అస్థిపంజరమునకును దేహమునకును గలది.

ఈ ప్రయత్నమునకు ప్రోద్బలము చిన్నస్వామి మొదలియారుగారిది. ఆయన మద్రాసు సచివాలయమున ఉద్యోగి, క్రైస్తవుడు, పాశ్చాత్య స్వరలిపిలో నిష్ణాతుడు. భారతసంగీతమును ఐరోపావారి గీతలలోనికి మార్చి 1892, 1893 సంవత్సరములలో సంపుటములుగా ప్రకటించెను. ధనమును, ఆరోగ్యమును ఆ పనికే ధారవోసెను. ప్రపంచమున ఏ సంగీతజ్ఞుడైనను చదువగల లిపిలో ఉండవలెనను ఆయన కోరిక నేటి అంతర్జాల గ్రంథాలయములవారి కోరికయే. కాని ఆ సంపుటములను చూచి పాడినవారెందఱు? ఐదుగీతలమీద స్వరస్థానము నిలుచును, కాలప్రమాణము నిలుచును. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు ప్రాకు కంపితమును గీతలమీద నిలుపబోయిన చుక్కలు చీమలబారు లగును, చదువరి కన్ను అలసిపోవును. మొదలియారుగారి పని వ్యర్థము కాదు. దీక్షితులచేత తన లిపిలో తన గ్రంథము వ్రాయించుటకు ఆయన ప్రేరణయే కారణమైనది. అయినను సార్వజనీనమైన లిపికై పోయి సంగీతమునే విడిచివచ్చు ప్రమాదమును ఆ సంపుటములు నూఱేండ్లకు ముందే చూపినవి.

ఆ ప్రమాదము నేడు కంప్యూటరు రూపమున ఎదురగుచున్నది. యూనికోడ్ అను అక్షరసంకేత పద్ధతిలో తెలుగులిపి 1991 నుండి కలదు. పాశ్చాత్య సంగీతచిహ్నములకు 2001లో అందు ఒక ప్రత్యేక విభాగ మేర్పడినది. వేదస్వరముల గుర్తులకు 2009లో స్థానము దొరకినది. దీక్షితులవారి గమకచిహ్నములకు మాత్రము ప్రత్యేకస్థానము లేదు. స్వరములను మామూలు అక్షరములుగా కూర్చుటయందును చిక్కులు కలవు. తారస్థాయికి అక్షరముమీద చుక్క. రెండవకాలమునకు మీద ఒక గీత, మూడవకాలమునకు రెండు గీతలు. గమకపు గుర్తును మీదనే. ‘రి’, ‘ని’ యను అక్షరములకు గుడి యిదివఱకే నెత్తిమీద నున్నది. సీసపు అచ్చులు పేర్చిన ఎట్టయపురపు కూర్పరులు ఈ నాలుగంతస్తుల మేడను చేతితో కట్టిరి. నేటి యంత్రము దానిని ఒకదానిపై ఒకటి గ్రుద్ది పాడుచేయును. మఱియొకటి. స్వరపంక్తి క్రింద సాహిత్యాక్షరము సరిగా తన స్వరమునకు ఎదురుగా నుండవలెను. తాళపు గీత రెంటిని కలిపి ఖండింపవలెను. చేతిఫోను చిన్నతెరమీద పంక్తి విఱిగి, స్వరమొకచోటను సాహిత్యమొకచోటను పడినపుడు చూచి పాడువాడు ఏ అక్షరమును ఎచ్చట సాగదీయవలెనో యెఱుగడు. ఈ కారణముచేతనే పుటచిత్రమును పాఠమును రెండింటిని పక్కపక్కన నుంచుట తప్పనిసరి. పాఠము వెదకుటకు, చిత్రము ప్రమాణమునకు.

లిపిభేదము వలన కలుగు నష్టము ఇంతకన్న సూక్ష్మము. మద్రాసు సంగీత విద్వత్సభవారు 1961 మొదలుకొని ప్రదర్శినిని తమిళలిపిలోనికి తెచ్చి సంపుటములుగా ప్రకటించిరి. తెలుగు చదువరాని విద్వాంసులకు ఆ గ్రంథమును అందించిన ఆ మేలు మఱవరానిది. ఆ లిపికి గల పరిమితి సంపాదకుల దోషము కాదు. క, ఖ, గ, ఘ లకు తమిళమున అక్షర మొక్కటే. త, థ, ద, ధ లకును ఒక్కటే. ‘పాద’మును ‘బాధ’యు ఒకే రూపము దాల్చును. ‘భావము’ అని వ్రాసినది తమిళునకు ‘పాపము’ అను అర్థమునిచ్చు మాటగా కనబడును. భావము తెలిసి పాడుమని గురువులు చెప్పుటకు ఇదియు నొక కారణము కాబోలు! అక్షరములపై ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు వేసి ఈ లోపమును సవరించు పద్ధతి తమిళ సంగీతపుస్తకములలో కలదు. అంకెలు ఉన్నంతకాలము బాగు. ఒక పుస్తకమునుండి మఱియొక పుస్తకమునకు, దానినుండి విద్యార్థి నోటుపుస్తకమునకు, దానినుండి అంతర్జాలమునకు పోవునపుడు మొదట రాలిపోవునవి ఆ అంకెలే. అర్థమెఱుగని నోట పదచ్ఛేదము చెడును. చెడిన పదచ్ఛేదము మీద సంగతులు పెరుగును.

కన్నడలిపి విషయము వేఱు. తెలుగు కన్నడములు ఒక్కతల్లి బిడ్డలు. అక్షరమున కక్షరము సరిపోవును. మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) తిరువయ్యారున పట్నం సుబ్రహ్మణ్య అయ్యరువద్ద చదివి, తెలుగునను సంస్కృతమునను కృతులు రచించెను. ఆయన తెలుగు కృతిని కన్నడలిపినుండి తెలుగులిపికి మార్చినచో సాహిత్యమున ఏమియు పోదు. కర్ణాటకమందలి తెలుగువారికి ఈ పని చేతిలోని ముద్ద వంటిది.

ప్రదర్శినికి రోమన్ లిపిలో ఇంగ్లీషు రూపాంతరము నొకదానిని ఇరువురు విద్వాంసులు కూర్చి అంతర్జాలమున ఉచితముగా నుంచిరి. గమకముల గుర్తులను గూడ వదలక కూర్చిన వారి ఓర్పునకు సంగీతలోకము ఋణపడియున్నది. ఉచితమైన ఈ సేవ లేనిచో విదేశములందలి విద్యార్థికి ఈ గ్రంథము పేరుగానే మిగిలిపోవును. విమర్శకు నిలుచునది మఱియొక అంశము. దీక్షితులవారి తెలుగు వచనము — రాగలక్షణములయందును, వాగ్గేయకారుల చరిత్రలయందును గల ఆ పండిత వ్యావహారిక మిశ్రమైన వాక్యము — అనువాదమున సహజముగానే అదృశ్యమైనది. తమిళుడు వ్రాసిన తెలుగు శాస్త్రవచనమునకు అంతటి నిదర్శనములు పెక్కు లేవు. ఆ వచనమును అంతర్జాలమున తెలుగక్షరములతో వెదకుటకు వీలగునట్లు పూర్తిగా కూర్చి యుంచవలసిన పని తెలుగువారిది. దానిని పరులు చేయలేదని అనుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీవారి 1973 నాటి పునర్ముద్రణము తరువాత తెలుగుమూలము సామాన్యునకు ఏపాటి సులభముగా దొరకినదో చదువరులే యెఱుగుదురు.

స్వరలిపి లేకపోయిన నేమగునో తెలియగోరువారు అన్నమాచార్యుని (1408–1503) కడకు పోవలెను. తిరుమల రాగిరేకులమీద వేలకొలది సంకీర్తనలు చెక్కబడినవి. రాగిమీద వ్రాత చెదలు తినదు, నీట కరగదు. రాజులు పోయినను నిలిచినది. ప్రతి పాటకు రాగము పేరు గలదు. స్వరము లేదు. ఐదువందల యేండ్ల తరువాత ఆ పాటలను విప్పినవారికి సాహిత్యము పూర్తిగా దొరకినది, సంగీతము పేరుమాత్రము దొరకినది. అనంతపురము సీమలో పుట్టి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) వానిలో కొన్నింటికి వరుసలు కట్టి స్వరపఱచిరి. ఆ వరుసలు అందమైనవి, నేడు ఇంటింట వినబడునవి. శర్మగారివి గాని అన్నమయ్యవి కావు. శర్మగారును అట్లని చెప్పుకొన్నవారు కారు. గ్రంథాలయపు పట్టికలో మాత్రము ‘రచన’ అనుచోట అన్నమయ్య పేరు వ్రాసి ‘వరుస’ అనుచోట ఖాళీ విడుచుట పరిపాటి యైనది. పెట్రూచి గ్రంథాలయమువారు అచ్చుపలక సంఖ్యను గూడ వదలని కాలమున, వరుసకట్టినవాని పేరునే వదలుట సిగ్గుచేటు.

ఈ పేరు వదలుట మర్యాదలోపము మాత్రమే కాదు, చట్టవిషయము గూడ. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టమున రచయిత మరణించిన సంవత్సరాంతమునుండి రక్షణ మొదట 50 ఏండ్లు, 1992 సవరణతో 60 ఏండ్లు. ఆ లెక్కను సుబ్బరామ దీక్షితుల గ్రంథము ఎప్పుడో స్వేచ్ఛ పొందినది. వాసుదేవాచార్యులు జీవించియుండగా ప్రకటించినవి 2022 జనవరి 1 నుండి సర్వజనులవి. శర్మగారి వరుసలకు 2039 చివరివఱకు రక్షణ యున్నది. పాత గ్రంథమునకు క్రొత్త పీఠికయో, అనువాదమో చేసినవారికి ఆ క్రొత్తభాగముమీద వేఱు హక్కు గలదు. ఆ చట్టమున మఱియొక విచిత్రము 1994 వఱకు నిలిచినది. సంగీతరచన యనగా అచ్చువేసినదో, వ్రాతలో నెక్కించినదో మాత్రమే. నోట నుండి నోటికి పోయినదానిని చట్టము సంగీతరచనగా గుర్తింపలేదు. 1994 సవరణతో వ్రాత యను నియమము తొలగినది. స్వరలిపిని శిష్యుని జ్ఞాపకముగా నెంచిన సంప్రదాయమునకు, లిపి లేనిదే సంగీతమే లేదన్న చట్టము నలుబదియేండ్లకు చేరువగా వర్తించుట ఎంత వింత!

స్వరలిపి చూచి సంగీతము రాదని, గురువువద్ద కూర్చుండినగాని రాదని పెద్దలు చేయు ఆక్షేపణ నిజమే. కాని గురువులే ఎట్టయపురపు గ్రంథమును విప్పి సందేహము తీర్చుకొనిన మాటయు నిజమే. వివాదిమేళములలోని దీక్షితుల కృతులు నేడు వేదికలమీద వినబడుచున్నవన్నచో దానికి శిష్యపరంపర యెంత కారణమో ఈ పుటలును అంత కారణము. గురువు దొరకని ఊళ్ళలో, దొరకినను ఆ కృతి యెఱుగని చోట, ఉచితముగా చేతికందు పుట యొకటి ఉండుట గురుకులమునకు పోటీ కాదు.

అసలు కొఱత దిద్దువారిది. స్వరము తెలిసి, గమకచిహ్నము తెలిసి, నూఱేండ్లనాటి తెలుగచ్చు చదివి, తమిళ ప్రతితో పోల్చి తప్పు పట్టగలవారు కావలెను. ఈ నాలుగును ఒక్కరియందు చేరుట తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములలోనే సహజముగా సంభవించెడిది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై ఏటేట ఒక్కొక్క తరగతికి విస్తరించి 2015–16లో పదవ తరగతిని చేరినది. రాష్ట్రభాష నేర్చుట తప్పని యెవరును అనరు. ఆ ప్రాంతమున తెలుగు ప్రథమభాషగా చదువు పిల్లల సంఖ్య మాత్రము ఇంకను సన్నగిల్లుచున్నది. తాత తెలుగు చదువును, తండ్రి కూడబలుకుకొనును, మనుమనికి తెలుగు చెవికే గాని కంటికి రాదు. మేలట్టూరు భాగవతమేళమున వేంకటరామశాస్త్రి తెలుగు నాటకములను తమిళులు నేటికిని ఆడుచుండగా, తెలుగువారి యింట తెలుగుపుట చదువువారు లేకపోవుట సంభవించుచున్నది.

కావున పని యెచ్చట మొదలుపెట్టవలెనన్నచో, క్రొత్తపుస్తకముల స్కానింగుతో కాదు. ఇప్పటికే అంతర్జాలమున నున్న ప్రదర్శిని పుటలలో ఒక్క రాగపు ప్రకరణమును తీసికొని, మూలచిత్రము ఒకవైపున, తెలుగుపాఠము మఱియొకవైపున నుంచి, చదువు పెద్దవారొకరు పుటను గట్టిగా చదువుచుండగా వీణ నేర్చిన యువకులొకరు గుర్తులను సరిచూచినచో, ఒక్కొక్క పుటకు ఎంతకాలము పట్టునో తేలిపోవును. సింగరాచార్యుల పుస్తకములు అటుతరువాత. ఇండ్లలో నున్న చేతివ్రాతప్రతులను ఎక్కించుటకు ముందు వాని వెనుక అట్టమీద ఎవరి పేరున్నదో, ఏ గురువువద్ద వ్రాసికొన్నదో, ఇంటిపెద్దలు జీవించియుండగానే అడిగి వ్రాసియుంచవలెను.